మేడ మీద పాత మట్టి

కాలువలు కట్టేసిన రోజున నేను నా తొట్లకు నీళ్ళు ఆపేస్తాను. ఇది మా ఆయన నేర్పిన అలవాటు. ఆయన కాలువ మీద లస్కరుగా చేసేవారు. లస్కరంటే తూముల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం, గట్టు పొడుగునా సైకిలు మీద తిరుగుతూ ఎక్కడ గండి పడేలా ఉందో కనిపెట్టుకుని ఉండటం. ఏటా దాళ్వా, అదే రెండో పంట, కోతలు అయిపోయి ఎండలు ముదిరే వేళకు ఆనకట్ట దగ్గర నీళ్ళు ఆపేస్తారు. కాలువ అడుగు బయటపడుతుంది. పూడిక తీస్తారు, తలుపులకు గ్రీజు రాస్తారు, తొలకరి పంట సార్వా నారుమళ్ళకు మళ్ళీ వదులుతారు. ఆ మధ్య రోజుల్లో చేలన్నీ నెర్రెలు విచ్చి పడుకుంటాయి. ఎవరూ వాటి జోలికి పోరు. నా తొట్ల జోలికి నేనూ పోను.

నాకు సంతకం వరకే వచ్చు. ఇదంతా నేను చెబుతుంటే పక్కవీధి టీచరుగారు రాస్తున్నారు. నా గొంతు బొంగురు. నెత్తిన గంప పెట్టుకుని ఏళ్ళ తరబడి వీధి వీధీ ఆకుకూరలు కేకేసి అమ్మిన గొంతు. మామూలుగా మాట్లాడినా తిడుతున్నట్టే ఉంటుందని మేం అద్దెకుండే ఇంటి ఇంటావిడ అంటుంది. ఈసారి తిట్టడానికేమీ లేదు. గండం గడిచింది, అదే చెబుదామని కూర్చున్నాను.

మేము ఉండేది రాజమండ్రిలో, బట్టల కొట్టు షావుకారుగారి మేడ మీద. కింద రెండంతస్తులూ వాళ్ళవి. పైన డాబా మీద ఒక గది, దాని నెత్తిన నీళ్ళ ట్యాంకు. ఆ గది మాది. ఇప్పుడు నాది. మా ఆయన రిటైరయ్యాక గవర్నమెంటు క్వార్టరు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చాం. క్వార్టరు వెనక పెరడుండేది. బెండ, వంగ, గోంగూర ఎప్పుడూ ఉండేవి. ఇక్కడ ఎటు చూసినా సిమెంటు. వచ్చిన కొత్తలో ఒకసారి మార్కెట్టుకు వెళ్ళి, బెండకాయ కొస విరిచి చూసి, ముదురని కొనకుండా ఖాళీ సంచితో తిరిగొచ్చాను. ఆయన ఆ ఖాళీ సంచి చూశారు. మర్నాటి నుంచి సైకిలు వెనక సిమెంటు సంచి కట్టుకుని మట్టి తేవడం మొదలుపెట్టారు.

అది కాలువ పూడిక మట్టి. గట్టు మీద తీసి పోసింది ఎండి బెల్లం అచ్చుల్లా పగిలి ఉంటుంది. ఆ మట్టి వాసన నాకు పెళ్ళైనప్పటి నుంచి తెలుసు, ఆయన చొక్కాకు ఎప్పుడూ ఉండేదే. సంచి భుజాన పెట్టుకుని మెట్లెక్కి వచ్చేవారు. మలుపు దగ్గర గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకునేవారు. పెయింటు డబ్బాలు, చేపల మార్కెట్టులో పారేసిన థర్మోకోల్ పెట్టెలు, ఒక పగిలిన టబ్బు అన్నీ చేర్చారు. అడుగున చిల్లులు పొడిచి వాటిలో ఆ మట్టి నింపారు. అన్నిటినీ నేను తొట్లనే అంటాను.

మొదటి ఏడు ఎలా కాసిందనుకున్నారు! టమాటాలు కొమ్మలు విరిగేలా కాశాయి. వంకాయలు కిందింటికి పంపితే మళ్ళీ ఉన్నాయా అని గిన్నె తిరిగొచ్చేది. రెండో ఏడు అదే మట్టిలో అవే మొక్కలు పెట్టాను. టమాటాలు రేగుపళ్ళంత కాశాయి. ఆకులు పండుబారిపోయాయి. మట్టి డబ్బాలో సగానికి దిగిపోయి, అంచుల వెంట తెల్లటి ఉప్పు పట్టి, నీళ్ళు పోస్తే తాగకుండా పక్కనుంచి జారి కింద చిల్లుల్లోంచి పోయేది.

"ఈ మట్టి చచ్చిపోయిందండి, పారబోసి కొత్తది తెండి" అన్నాను.

ఆయన మెట్ల మీద కూర్చుని సైకిలు చెయినుకు నూనె వేస్తున్నారు. తలెత్తకుండానే, "కాలువ కట్టేశాక రైతు చేలో మట్టి ఎత్తి గోదాట్లో పోస్తున్నాడేంటే?" అన్నారు.

"చేనూ డబ్బా ఒకటేంటండి?"

"ఒకటి కాదు. డబ్బా అయితే నువ్వు కూర్చున్నచోటు నుంచే బోర్లించొచ్చు. లే, బోర్లించు."

అలా మొదలైంది. ఏటా ఎండల్లో నేను చేసేది ఇంతే. కాపు అయిపోయిన మొక్కను మొదలు దగ్గర కోసేస్తాను. నీళ్ళు ఆపేస్తాను. నాలుగు రోజులకు మట్టి లోపలికి ముడుచుకుని అంచు వదిలేస్తుంది. అప్పుడు డబ్బా బోర్లించి అడుగున తడితే వేళ్ళతో సహా మట్టంతా పెద్ద ఇడ్లీలా దిగుతుంది. చేత్తో విరిచి, లావు వేళ్ళు తీసి పారేస్తాను. సన్నవి ఉండనిస్తాను, అవి చివికి మట్టే అవుతాయి. తెల్లగా, ముడుచుకుని పడుకునే లావు పురుగులు కనిపిస్తే పిట్టగోడ మీద పెడతాను, గోరింకలు వచ్చి తీసుకుపోతాయి. కొన్ని వేళ్ళకు మిరియాల్లా బుడిపెలుంటాయి. ఆ మట్టిని విడిగా పెడతాను. దాంట్లో మళ్ళీ టమాటా, వంగ పెడితే ఎదగవు. బంతి వేస్తాను. బంతికి ఆ బుడిపెల పురుగు అంటే లెక్కలేదు. పువ్వులు కిందింటి దేవుడికి వెళతాయి.

మిగతా మట్టి ఫ్లెక్సీ మీద పరుస్తాను. ఎన్నికలప్పుడు వీధిలో కట్టిన ఫ్లెక్సీలు తరవాత ఎవరూ పట్టించుకోరు, గాలికి చిరిగి వేలాడుతుంటాయి. మా ఆయన ఒకటి విప్పి తెచ్చారు. దానిమీద ఒక పెద్దమనిషి దణ్ణం పెడుతూ నవ్వుతుంటాడు. ఏటా ఆయన మొహం మీద మట్టి పోస్తాను, ఎండలన్నీ అయ్యాక ఎత్తేస్తే ఇంకా నవ్వుతూనే ఉంటాడు. వెలిసిపోయాడు గానీ నవ్వు మానలేదు.

మా ఆయన పోయాక కూడా ఇదే పద్ధతి. ఆయన పోయిన ఏడు కాలువలు ఎప్పుడు కట్టారో నాకు చెప్పేవాళ్ళు లేక, రిక్షా మాట్లాడుకుని వెళ్ళి వంతెన మీద నిలబడి చూసొచ్చాను. అడుగు కనిపించింది. ఇంటికొచ్చి చెంబు బోర్లించాను. అంతే, పని మొదలు. ఏడుపు కంటే అది తేలిక.

ఇక ఈ ఏటి సంగతి.

వైశాఖంలో ఒక పొద్దున షావుకారుగారు మెట్ల దగ్గర నిలబడి పిలిచారు. ఆయన పైకి రారు. కొట్లో రోజంతా కూర్చుని కూర్చుని ఆయనకు మెట్లంటే గిట్టదు.

"ఏమ్మా, ఒకసారి కిందికొచ్చి మా దేవుడి గది చూస్తావా?"

వెళ్ళాను. ఇంటావిడ పటాల ముందు పీట జరిపి నిలబడి ఉంది. ఆవిడను నేను అక్కగారూ అంటాను. వయసులో ఎవరు పెద్దో ఇద్దరం ఎప్పుడూ తేల్చుకోలేదు. షావుకారుగారు వేలు పైకెత్తి చూపించారు. కప్పు మూల, లక్ష్మీదేవి పటానికి సరిగ్గా పైన, విస్తరాకంత మేర తడి. చుట్టూ టీ మరకలాంటి అంచు. మధ్యలో సున్నం అప్పడంలా పొంగింది. కిందికి గోడ మీదకు కూడా దిగింది.

"ఏంటిది?"

"తడండి."

"తడని నాకూ తెలుసు. ఎక్కడిదంటావ్?"

గోడ మీదకు దిగిన చారను వేలితో తడిమి చూశాను.

"పైన నీ వ్యవసాయం ఉంది గదా. చలికాలమంతా పొద్దుటా సాయంత్రం పోసి పోసి చేశావు. శ్లాబు తాగినంత తాగింది. ఇప్పుడు మా దేవుడి నెత్తిన కక్కుతోంది."

"ఇప్పుడు పోయడం లేదండి షావుకారుగారూ."

"ఇప్పుడు పోస్తే ఏంటి, అప్పుడు పోస్తే ఏంటి? నీరు నీరే. మా కొట్టుకొచ్చే ఒకాయన చెప్పాడు, డాబా మీద తోటలు పెట్టిన ఇళ్ళన్నీ ఇలాగే అవుతున్నాయంట. వానలు పడకముందే పైన వాటర్‌ప్రూఫింగు చేయించాలి. మేస్త్రికి కబురు పెట్టాను. ఆయనొచ్చేసరికి డాబా మీద మట్టి అన్నది కనిపించకూడదు."

"ఆ పనయ్యాక మళ్ళీ పెట్టుకోవచ్చాండి?"

"ఎందుకు పెట్టుకోకూడదూ? ప్లాస్టిక్కువి దొరుకుతాయి, నీళ్ళక్కర్లేదు, రంగు కూడా పోదు."

"ఊరుకోండి మీరు" అంది ఇంటావిడ. కానీ ఆవిడా తడి వైపే చూస్తోంది.

నేను "ఆయ్, అలాగేనండి" అన్నాను. ఆ గొంతు నాకే వినపడలేదు.

ఆయన్ను తప్పు పట్టలేదు. నిజమే అనుకున్నాను. పోసింది నేనే గదా. చిల్లుల్లోంచి కారి డాబా మీద మరకలు కట్టడం రోజూ చూసేదాన్ని. ఆ నీళ్ళే సిమెంటులోకి దిగి, నెమ్మదిగా లక్ష్మీదేవి మీదకు వచ్చి ఉంటాయి. వాళ్ళింట్లో అన్నేళ్ళుగా ఉండి, వాళ్ళ దేవుడి గదిని నేను పాడు చేశానంటే ఇంక నోరెలా పెగులుతుంది?

నా భయం మట్టి గురించే. గది పొమ్మనలేదు, మట్టి పొమ్మన్నారు. వినేవాళ్ళకు ఇది చిన్న సంగతిలా ఉంటుంది. ఆ మట్టి ఒకసారి కిందికి దిగితే మళ్ళీ పైకి రాదు. మోసుకొచ్చిన మనిషి లేరు. నా మోకాళ్ళకు పాల ప్యాకెట్టు పట్టుకుని ఎక్కడమే గొప్ప. పూడిక మట్టి ఇప్పుడు లారీల్లో ఎటో పోతోందట, గట్టు మీద పోయడమే లేదని విన్నాను. మట్టి లేకపోతే తొట్లు లేవు. తొట్లు లేకపోతే పొద్దున్న లేచి తలుపు తీసి ఎటు చూడాలి? ఎదురింటి డిష్‌ను చూడాలి.

ఆ మధ్యాహ్నం నుంచే సంచులకు ఎత్తడం మొదలుపెట్టాను. ఫ్లెక్సీ మీద పరిచినదాన్ని చేటతో తోడి సగం సగం నింపేదాన్ని. సగం సంచయితే మోకాలు ఒప్పుకుంటుంది. ఒక్కో మెట్టు మీద సంచి పెట్టి, నేను దిగి, మళ్ళీ సంచి దించి, మళ్ళీ నేను దిగి. మలుపు దగ్గర గోడకు చెయ్యి ఆనించాను. అప్పుడు మాత్రం కళ్ళు నిండాయి. అక్కడ చెయ్యి పెట్టిన మనిషి పైకి మోశాడు, నేను కిందికి మోస్తున్నాను.

గేటు పక్కన వరసగా పెట్టాను. పొద్దున్న మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరతను సంచి మూతి విప్పి చూసి నవ్వాడు.

"మామ్మగారూ, మేం చెత్తయితే ఎత్తుతామండి. మట్టి ఎత్తం."

"కాస్త చూడు బాబూ, ఇంటివాళ్ళు తీసెయ్యమన్నారు."

"మట్టెత్తితే మా సూపర్వైజరు నన్నెత్తేస్తాడండి. ఎక్కడన్నా పల్లం ఉంటే పోయించుకోండి."

ఎంత బతిమాలానో! నా మట్టిని తీసుకుపొమ్మని నేనే చేతులు జోడించాను చూడండి. అతను ఒప్పుకోలేదు. ఈ రోజుకీ అతన్ని తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

సగం మట్టి గేటు దగ్గర, సగం మట్టి డాబా మీద ఉన్నప్పుడు ఇంటావిడ మాగాయ ముక్కలు పట్టుకుని పైకొచ్చింది. మామిడికాయలు చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పులో, పసుపులో ఊరేసి, ఊట పిండేసి ఎండలో పెట్టాలి. ఎండిన ముక్కల్ని మళ్ళీ ఆ ఊటలోనే వేస్తారు. ఏటా ఆవిడ ముక్కలు నా డాబా మీదే ఎండుతాయి, కాపలా నాది. నేను ట్యాంకు నీడలో కర్ర పట్టుకుని కూర్చుంటే కాకి కూడా పిట్టగోడ దాటదు. నా గొంతుకే సగం కాకులు పారిపోతాయి.

ఆవిడ పాత నేత చీర పరిచి ముక్కలు ఒక్కొక్కటే పేరుస్తోంది. పడమటి గాలి లేచింది. ఫ్లెక్సీ అంచు టపటపా కొట్టుకుంది. నా మట్టి మీంచి సన్నగా దుమ్ము లేచింది.

"ఏయ్ ఏయ్, ఏంటే ఇది, నా మాగాయంతా మట్టి మాగాయ అవుతుంది! తడిపి ఉంచకూడదూ?"

"సంచులు కప్పుతానండి అక్కగారూ, ఉండండి."

నాకంటే ముందు ఆవిడే లేచొచ్చింది. పసుపు చేత్తో మట్టి మీద గోనె సంచి లాగబోయి, చెయ్యి లోపలికి దిగిపోయింది. మణికట్టు దాకా. గబుక్కున వెనక్కి తీసుకుంది.

"అమ్మో, కాలిపోతోంది! ఇదేంటే, పేలాలు వేయించే ఇసకలా ఉంది!"

"కాలువలు కట్టేశారు గదండి."

"కాలువలు కడితే నీ డబ్బాలకేంటి?"

చెప్పాను. లస్కరుగారి భార్యను, కాలువ కట్టాక మొక్కకు నీళ్ళు పోయకూడదు, మట్టి పడుకోవాలి అని మా ఆయన పెట్టిన పద్ధతి. ఆవిడ ఇన్నేళ్ళుగా ఎండల్లో నా మట్టి చూస్తూనే ఉంది గానీ, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"అంటే అప్పటి నుంచి చుక్క పోయలేదా?"

"మెట్ల దగ్గర తులసికి, కరివేపాకుకి పోస్తున్నానండి. ఇటు వైపు చుక్క లేదు."

ఆవిడ చేతికంటిన మట్టి దులుపుకుంది. "అయితే ఈ పొద్దున్న నేను పటం వెనక తుడిచిన నీళ్ళు ఎవరివే?"

"చలికాలం నీళ్ళండి. శ్లాబు దాచుకుందని షావుకారుగారు…"

"ఈ ఎండలోనా? రెండు పూటలకి నా మాగాయ ముక్క చెప్పు అట్టలా అవుతోంది. శ్లాబు మాత్రం పుష్యమాసం నీళ్ళు ఇంకా దాచుకుని కూర్చుందా? అది శ్లాబా, ఒంటెనా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వడానికి భయమేసింది.

"ఇంకోటి. నేను రోజూ చూస్తున్నాను, మోటారు వేశాకే ఆ తడి ఎక్కువవుతోంది. ఆయనకి చెబితే, నీకు అన్నీ అనుమానాలే అన్నారు." ఆవిడ తలెత్తి నా గది నెత్తిన ఉన్న ట్యాంకు వైపు చూసింది. అక్కణ్ణించి పైపు గోడలోంచి ఎటు దిగుతుందో వేలితో గాలిలో గీసుకుంటూ చూసింది. ఆ వేలు దేవుడి గది మూల దగ్గర ఆగింది.

"రేపు మోటారు వెయ్యను" అంది. "ట్యాంకు ఇప్పుడే వదిలేస్తాను. నువ్వా సంచులు ముట్టుకోకు. అక్కడే ఉండనీ."

ట్యాంకు నీళ్ళన్నీ కుళాయిలు తిప్పి వదిలేశారు. మర్నాడు వాళ్ళింట్లో అందరికీ బోరింగు దగ్గర నుంచి బకెట్లే. షావుకారుగారు తుండుగుడ్డ భుజాన వేసుకుని పెరట్లో నిలబడి గట్టిగా అనడం నాకు పైకి వినపడింది.

"ఏవే, కాలువలు కట్టేశారంటే చేలకనుకున్నాను. నా వంటికి కూడా కట్టేశారా?"

"ఒక్క రోజు. చచ్చిపోరు."

"పైనావిడా నువ్వూ కలిసి కొత్త ఇరిగేషను డిపార్టుమెంటు పెట్టారన్నమాట."

నేను పైన మాగాయ కాపలా కూర్చున్నాను గానీ నా ప్రాణమంతా ఆ మూల మీదే ఉంది. ఆ తడి ఆరకపోతే? అప్పుడు ఖాయంగా నా నీళ్ళే. ఇంటావిడ నా వైపు నిలబడి మొగుడితో మాట పడినందుకు కూడా నాదే పాపం. కాకి వచ్చి ఒక ముక్క ఎత్తుకుపోయినా కేకెయ్యలేదు. ఆవిడకు ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఆ మర్నాడు పొద్దున్నే మెట్ల కింద నుంచి కేక. "ఏయ్! కిందికి రా!"

కోపమో ఏమిటో తెలియలేదు. దిగాను. ఆవిడ తడిగుడ్డ కాదు, పొడి గుడ్డ పట్టుకుని ఉంది. పటం తీసి పక్కన పెట్టింది.

"చెయ్యి పెట్టు."

గోడ మీద పెట్టాను. చల్లగా లేదు. సున్నం పొడి నా వేళ్ళకు అంటుకుంది. మళ్ళీ పెట్టాను, ఇంకాస్త పైన. అక్కడా పొడే. కప్పు మీద మరక మిగిలింది గానీ దాని మెరుపు పోయింది.

"నీ మట్టి కాదే" అంది. "మా పైపు."

నేను అక్కడే, దేవుడి గది గడప మీద కూర్చుండిపోయాను. ఆవిడ కాఫీ తేవడానికి లోపలికెళ్ళింది. నేను లక్ష్మీదేవికి దణ్ణం కూడా పెట్టలేదు, గోడనే చూస్తూ కూర్చున్నాను.

డాబాకు వాటర్‌ప్రూఫింగు చేద్దామని సామాను తెచ్చుకున్న మేస్త్రి చేత ఆ రోజు గోడ మూల పగలగొట్టించారు. లోపల పైపు వంపు తిరిగే చోట ఎల్బో చిట్లి ఉంది. మోటారు వేయించి చూపించాడు. ట్యాంకు నిండుతుంటే ఆ పగులులోంచి దారంలా నీళ్ళు.

మేస్త్రి నా వైపు తిరిగి, "మీ వంకాయలు బతికాయండి పిన్నిగారూ" అన్నాడు.

"వంకాయలు ఇప్పుడు లేవు నాయనా, మట్టి బతికింది."

మధ్యాహ్నం షావుకారుగారు భోజనానికి వచ్చి గేటు దగ్గరే ఆగారు. ఎదురొచ్చిన మేస్త్రి ఇచ్చిన ఆ పగిలిన ఎల్బో ఆయన చేతిలో ఉంది, అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. నేను మెట్ల దగ్గర ఉన్నాను.

"ఇవేంటి గేటు దగ్గర?"

"మట్టండి. మీరు దించమన్నారు గదండి."

"దించమన్నాను. మా గేటుకి అడ్డంగా పెట్టమన్నానా?"

"ట్రాక్టరు వాళ్ళు ఎత్తం అన్నారండి."

"వాళ్ళెందుకు ఎత్తుతారు!" అని ఎల్బో జేబులో పెట్టుకున్నారు. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచారు. ఒక సంచి మెడ పట్టుకుని లేపి భుజాన వేసుకున్నారు.

"అయ్యో, మీరెందుకండీ, షావుకారుగారూ!"

"మరి నువ్వు మోస్తావా? పద, ముందు నడు, ఎక్కడ పెట్టాలో చూపించు."

లోపలినుంచి ఇంటావిడ తొంగి చూసింది. "నడుం పట్టేస్తే మందు రాయమని నన్ను పిలవకండి."

"పిలవను. ఇరిగేషను డిపార్టుమెంటు వాళ్ళని పిలుస్తాను."

మలుపు దగ్గర ఆయన కూడా గోడకు చెయ్యి ఆనించి ఆగారు. మొహమంతా చెమట.

"ఇదంతా మీ ఆయనే మోశాడా?"

"ఆయ్. అప్పుడు ఇంకా బరువండి, నిండు సంచులు."

ఆయన సంచి భుజం మార్చుకున్నారు. పైకొచ్చి ఫ్లెక్సీ మీద సంచి గుమ్మరించారు. దణ్ణం పెడుతున్న పెద్దమనిషి నవ్వు మట్టి కిందికి వెళ్ళింది. షావుకారుగారు పైకి మిగిలిన మొహాన్ని చూసి, "ఈయన ఇక్కడున్నాడా, ఎక్కడా కనపడటం లేదేంటా అనుకున్నాను" అన్నారు. ఇంకో సంచి కోసం కిందికి దిగారు. అన్నీ తెచ్చేదాకా భోజనానికి కూర్చోలేదు. తరవాత నడుం పట్టేసింది, మందు ఇంటావిడే రాసింది.

జ్యేష్ఠం మధ్యలో కాలువలు వదిలారు. షావుకారుగారే కొట్టు నుంచి వస్తూ చూసి, మెట్ల దగ్గర నిలబడి పైకి కేకేసి చెప్పారు. "ఏమ్మా, నీళ్ళొచ్చాయి కాలవలోకి. ఇంక నీ ఇష్టం."

ఆ సాయంత్రమే మట్టి కలిపాను. పాత మట్టి ఎక్కువ. చివికిన గెత్తం తక్కువ, పాలవాడు తన గేదెల పెంట తెచ్చిపెడతాడు. కోనసీమ కొబ్బరి పొట్టు కాస్త నానబెట్టి పిండి వేస్తాను, దాంతో మట్టి బిగుసుకోదు. వేపపిండి రెండు గుప్పిళ్ళు. ఎండి పొడైన మట్టికి ఒక్కసారిగా నీళ్ళు పోస్తే తాగదు. చేత్తో చల్లుతూ, తిరగేస్తూ, మళ్ళీ చల్లుతూ పోవాలి. ఇంటావిడ వచ్చి పిట్టగోడ మీద కూర్చుని, "పులిహోర కలుపుతున్నావా? పోపు వేశావా?" అంది.

"వేపపిండి వేశానండి. రుచి చూస్తారా?"

"నీకు నోరు తిరిగొచ్చిందే."

కలిపిన మట్టి మీద తడి గోనె కప్పి కొన్నాళ్ళు వదిలేశాను. మొదట్లో లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం తగ్గి, మట్టి వాసన మాత్రం మిగిలినప్పుడు ఒక చిన్న డబ్బాలో నింపి గుప్పెడు మెంతులు చల్లాను. నాటే ముందు ఏటా ఇదే చేస్తాను. మెంతులు పచ్చగా లేచాయంటే ఆ మట్టిలో ఏదైనా లేస్తుంది. అవి వాడితే ఇంకా ఆగాలి. ఈసారి మూడో పొద్దుకే తెల్లటి మొలకలు, తరవాత నిటారుగా ఆకులు. మా ఆయన సంచుల్లో వచ్చిన మట్టి, ఎన్ని కాపులు కాసిందో, గేటు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి, ఇంకా మొలిపిస్తోంది.

తొట్లన్నీ నింపాను. టమాటా పెట్టిన తొట్లలో గోరుచిక్కుడు, వంగ పెట్టినవాటిలో తోటకూర. విడిగా పెట్టిన బుడిపెల మట్టిలో బంతి. మొదటిసారి నిండుగా నీళ్ళు పోయాలి. చెంబు ముంచి పట్టుకున్నాను గానీ పోయలేకపోయాను. పైపు మార్చారు, గోడ పూశారు, అంతా తెలుసు. అయినా చెయ్యి రాలేదు.

"అక్కగారూ, పోస్తున్నానండి" అని కిందికి కేకేశాను.

"పొయ్యి!"

పోశాను. ఒక్కో తొట్టి తాగి, నిండి, చిల్లుల్లోంచి బొట్లు బొట్లుగా కార్చింది. డాబా మీద సన్నటి చాలు కట్టి తూము వైపు పోయింది. చెంబు అక్కడే పెట్టి కిందికి దిగాను. ఇంటావిడ అప్పటికే దేవుడి గదిలో తలెత్తి నిలబడి ఉంది. నేనూ వెళ్ళి పక్కన నిలబడి తలెత్తాను. కొత్తగా వేసిన సున్నం తెల్లగా ఉంది. చాలాసేపు చూశాం. కుక్కరు విజిలు వేసినా ఆవిడ కదల్లేదు.

"ఏదీ లేదు గదా?" అన్నాను.

"ఏదీ లేదు. ఇంక రేపటి నుంచి నువ్వు పోసుకో, నేను చూడను. నా మెడ పట్టేసింది."

పైకొచ్చి మిగిలిన తొట్లకు కూడా నీళ్ళు పోశాను.